సవతికి కొత్త దీపం

ముడుచుకునే ఉంది. దీపం మార్చి చాలాసేపైంది, ఆ సుత్తి పగడం ఇంకా మూతి ముడుచుకునే ఉంది. "రావే తల్లీ, బయటికి రా, ఎవరూ ఏమీ అనరు" అని తొట్టె గాజుకి ముక్కు ఆనించి బతిమాలుతున్నాను, నా ఊపిరికి గాజు మసకబారితే చేత్తో తుడుస్తున్నాను, మళ్ళీ ఆనిస్తున్నాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ముఖ్యంగా ఆయన చూస్తే? పదేళ్ళ పైచిలుకుగా ఈ అక్వేరియాన్ని సవతి అని తప్ప ఇంకో పేరుతో పిలవలేదు నేను. సవతికి నీళ్ళు మార్చారా, సవతికి నలత తగ్గిందా, ఇవాళ కూడా సవతి ముందే భోజనమా, ఇలాగే సాగింది మా కాపురం. అలాంటిదాన్ని, కొట్టుకి సగం రోజు సెలవు పెట్టి, స్టూలెక్కి, గోడకి బ్రాకెట్ బిగించి, చెయ్యి గీరుకుపోతే ఊదుకుని, ఈ సవతికే కొత్త దీపం వేలాడదీసి, కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. వాళ్ళు వచ్చేలోగా ఇది విచ్చుకోవాలి, విచ్చుకోకపోతే నా తిప్పలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

వాళ్ళంటే ఆయన, వదిన. వదినంటే ఆయనకి అక్కగారు. నిన్న ఆయన కుడికంట్లో శుక్లం తీసి లెన్సు పెట్టారు, ఇవాళ కట్టు విప్పుతారు. తోడు నేనే వెళ్ళాలి నిజానికి, కట్టుకున్నదాన్ని. తలనొప్పిగా ఉంది వదినా, మీరు వెళ్ళరూ అన్నాను. వదినకి ఆసుపత్రులంటే మహా సరదా, ఏ డాక్టరు గది ఎటువైపో, ఏ నర్సు చెయ్యి మెత్తనో ఆవిడకి కంఠతా వచ్చు. ఫ్లాస్కు, గొడుగు, రెండు రకాల బిస్కెట్లు సంచిలో వేసుకుని, బడికి తీసుకెళ్తున్నట్టు తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆయన గుమ్మం దగ్గర ఆగి, తెరిచి ఉన్న ఒక్క కంటితో తొట్టెవైపు చూసి, "సాయంత్రం అతను వస్తే నేనొచ్చేదాకా కూర్చోబెట్టు, నా చేత్తో నేనే ఇచ్చి పంపుతాను" అన్నారు. అతనంటే ఉప్పునీళ్ళాయన, చేపలూ పగడాలూ అమ్మే దుకాణం అతనిది, అసలు పేరుతో మాకెప్పుడూ పని పడలేదు. చీకటి పడేలోగా డబ్బాలూ బండీ వేసుకుని వస్తాడు, సవతిని రాళ్ళతో నీళ్ళతో సహా పట్టుకుపోతాడు. నేను ఎగిరి గంతెయ్యాలి. ముందుగది మొత్తం నాదవుతుంది, కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకోనక్కర్లేదు, చుట్టాలొస్తే నలుగురు కూర్చోవచ్చు. గంతు సంగతి దేవుడెరుగు, ఆయన ఆ మాట అన్న రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

తొట్టె మోటారు గురగుర అంటోంది. ఈ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదని మా చెల్లెలి ఇంట్లో రెండు రోజులున్నప్పుడు తెలిసింది, కానీ ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, చెబితే నెత్తినెక్కి కూర్చోరూ! కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చెయ్యలేక తన్నుతున్నారు, తన్నిన ప్రతిసారీ నీళ్ళలో చిన్న చేప ఉలిక్కిపడుతోంది, లేక నేనే పడుతున్నానో. కింద ఆయన కుట్టు దుకాణం, పైన మా ఇల్లు. ఆ దుకాణానికే వచ్చాడు ఓడ మీద పనిచేసే ఒకాయన, కోటు కుట్టించుకోవడానికి. కోటు ఒంటికి అతికినట్టు కుదిరిందని మురిసిపోయి, ఊరు మారుతూ, ఒక చిన్న గాజు తొట్టె, అందులో గోరంత పగడం ముక్క తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. రాయిలాగే ఉంది, ఏం చేసుకుంటాం అన్నాను నేను. ఈయన టేబులు మీద పెట్టి దీపం వేశారు. కాసేపటికి ఆ రాయిలోంచి చిన్న చిన్న వేళ్ళు బయటికొచ్చి గాలిలో, కాదు నీళ్ళలో, ఏదో తడుముకున్నాయి. ఈయన మొహం చూడాలి అప్పుడు! పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఆ మొహం అంత వెలగలేదు, ఆ మాట ఆయనతో అన్నాను కూడా, "నువ్వు అప్పటికే విచ్చుకుని కూర్చున్నావు కదే, ఎదురుచూసే పని లేకపోయింది" అన్నారు. దర్జీ నోరు, కత్తెరకంటే పదును. ఆ తొట్టె పెద్ద తొట్టె అయింది, పెద్దది ఇంకా పెద్దదైంది. పగడాలకి పేర్లు కూడా దర్జీ పేర్లే. గుండ్రంగా గుంపుగా ఉండేవి బొత్తాలు. అంచులు ముడతలు పడ్డది ఫ్రిల్లు, వేళ్ళ కొనలు సుత్తుల్లా ఉన్నది ఒక్కటే కొన్నచోటి పేరుతో సుత్తి పగడంగా మిగిలింది. కొమ్మలు కొమ్మలుగా పెరిగే గట్టి పగడం మాత్రం ఆయనకి దొరబాబు, దానికి దర్జీ పేరు పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. ఓడ మనిషి ఇచ్చిన గోరంత ముక్క అదే, ఇప్పుడు నా రెండు చేతులు దోసిలి పట్టినంత ఉంటుంది. ఉంది సరే, తెల్లగా ఉంది, కొనల నుంచి సగం దాకా కడిగిన సుద్దలా తెల్లగా ఉంది.

తెలుపు అంటే నాకు తెలుసు. రంగుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడి మెషీను మీద చుక్క చుక్కగా రంగులు కలపడం నా ఉద్యోగం, తెలుపులోనే నలభై తెలుపులు కలిపి ఇచ్చినదాన్ని. పాలతెలుపు, గుడ్డుతెలుపు, మంచుతెలుపు, పక్కింటివాళ్ళ గోడ తెలుపు. ఆ చివరిది అడిగిన పెద్దమనిషి మూడుసార్లు తిరిగొచ్చాడు, రంగుల కార్డులో చూపించినదొకటి గోడమీద పడిందొకటి, మోసం, దగా అని దుకాణం పైకప్పు లేపేశాడు. చివరికి వాళ్ళింటికే వెళ్ళాను, చూస్తే గదిలో పసుపు బల్బు. బల్బు మార్చండి బాబూ, గోడ బంగారం లాంటిది అన్నాను, మార్చాడు, నోరు మూసుకున్నాడు, ఆ తర్వాత వాళ్ళ బావమరిదిని కూడా మా దగ్గరికే పంపాడు. అప్పటినుంచి ఎవరొచ్చినా ఇదే పాఠం చెబుతాను: కార్డు ఇంటికి పట్టుకెళ్ళండి, పొద్దున చూడండి, మధ్యాహ్నం చూడండి, దీపం వేసి చూడండి, అప్పుడు రండి. ఊరందరికీ నోరు నొప్పెట్టేలా చెబుతాను. మా ఇంట్లో మాత్రం, సవతి గదిలో రంగు మారిపోతుంటే, ఆయనతో పోట్లాడటం తప్ప ఇంకేం చేశాను? "ఇదేమన్నా ఇల్లా, డాన్సు హాలా, ఇంత నీలమేమిటండీ!" అని నేను. "నీలమా? ఎక్కడా? చప్పగా చచ్చిన రంగులా ఉంది, ఇంకాస్త పెంచాలి" అని ఆయన. పెంచారు. మరో నెల్లాళ్ళకి మళ్ళీ పెంచారు. దీపాన్ని నీటికి దగ్గరగా దింపారు. రెండో దీపం తెచ్చి పక్కన పెట్టారు. వీధిలో పిల్లలు మా ఇంటికి నీలమిల్లు అని పేరు పెట్టారు, పాలవాడు కూడా అదే పేరుతో రాసుకుంటున్నాడు. ఆయన కుర్చీలో కూర్చుని, ఆ నీలం మంటలోకి చూస్తూ, "రంగు రావట్లేదే" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాం మాట లెక్కలేదని మండేది, అంతకుమించి ఆలోచించలేదు.

అదిగో, కదిలిందా? కదిలింది నీళ్ళు. మోటారు తోసిన నీళ్ళు. పగడం కాదు. మనసా, కాస్త కుదురుగా ఉండు.

లాయరు కోటు సంగతి అప్పుడే పట్టించుకోవాల్సింది. నల్లకోటు తెచ్చి భుజం దగ్గర విప్పి కుట్టమన్నాడు లాయరు, ఈయన కుట్టి ఇచ్చారు, వారం తిరక్కుండా లాయరు తిరిగొచ్చాడు. "మాస్టారూ, జడ్జిగారు నా వాదన వినకుండా నా భుజం చూస్తున్నారండీ" అన్నాడు. నల్లబట్ట మీద ముదురు నీలం దారం! ఎండలో పెట్టి చూస్తే తేలు పాకినట్టు ఉంది ఆ కుట్టు. ఈయన ఒప్పుకోరే. నలుపే అన్నారు, దారం కండె తెచ్చి చూపించారు, నలుపే కదా చూడమన్నారు. నేను మెట్ల మీద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను, లాయరూ నవ్వాడు, ఈయన కూడా చివరికి నవ్వారు గానీ, ఆ రాత్రి నుంచి దారం కండెల మీద కాగితం ముక్కలు అంటించి రంగు రాయించుకోవడం మొదలుపెట్టారు. రాసింది నేనే. నలుపు, నీలం, నలుపు, నీలం. నా చేత్తో రాస్తూ కూడా నాకు బుర్ర వెలగలేదు. ఆ తర్వాత దొరబాబు కొన తెల్లబడింది. ఇంకో కొన తెల్లబడింది. బొత్తాలు సగం మూసుకుపోయాయి. ఒక పొద్దున కాఫీ చల్లారిపోతుంటే, గ్లాసు పట్టుకున్న తన చేతినే చూసుకుంటూ అన్నారు, "నా చెయ్యి పోయిందే. ఎంత వెలుతురు పెట్టినా రంగు పట్టట్లేదు, ఉన్నవి కూడా చచ్చిపోతున్నాయి. నా దగ్గరుంటే ఒక్కటీ మిగలదు. ఇచ్చేద్దాం. నీకూ హాయి." ఆయన గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. సూది బెజ్జంలోకి ఒక్కసారిలో దారం ఎక్కించే ఆ చేతిని, ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమాను.

శుక్లం సంగతి ఆ తర్వాతే బయటపడింది. అదీ వదిన పుణ్యమే, మొహం మీద దీపం వేసి చూసి, నీ కంట్లో పాలు పోసినట్టుందిరా అని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళింది. ఆపరేషనుకి ముందు డాక్టరమ్మ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది, చిన్నపిల్ల, నవ్వుమొహం. "మెల్లిగా ముదిరింది కదండీ, అందుకే ఆయనకి తెలియలేదు. పసుపు గాజులోంచి చూస్తున్నట్టే ఇన్నాళ్ళూ. నీలం అసలు లోపలికి రానే రాదు. ఆపరేషనయ్యాక ఆకాశానికి ఎవరు రంగేశారని అడుగుతారు, చూడండి" అంది. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. నీలం లోపలికి రాదు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పసుపు బల్బు! గోడ బంగారం లాంటిది, బల్బు మార్చండి బాబూ అన్నది నేనే కదా? ఆయన కంట్లోనే పసుపు బల్బు వెలుగుతుంటే, ఆయన తొట్టెలో నీలం పోస్తూ పోయారు, పోసిందల్లా ఆయనకి అందలేదు, పగడాలకి అందింది. ఆ కుర్చీలోంచి నేను లేవలేదు. డాక్టరమ్మ నాకు భయమనుకుని మంచినీళ్ళిచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఉప్పునీళ్ళాయన దుకాణానికి పరిగెత్తాను. అతను బనీనుతో, మోచేతి దాకా తడితో, ఒక తొట్టెలోంచి బయటికొచ్చాడు. విన్నాడు. వినీ వినగానే నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, ఆయనకి ఎన్నిసార్లు చెప్పాను, మీటరు పెట్టి కొలుద్దాం అని! నా కన్ను చాలు, పాతికేళ్ళుగా బట్ట రంగు చూస్తున్నవాణ్ణి అన్నారు" అన్నాడు. తర్వాత నాకు పాఠం మొదలుపెట్టాడు. పగడం లోపల కంటికి కనిపించనంత సన్నటి నాచు కాపురముంటుందట. వెలుతురు తిని వండిపెట్టేది ఆ నాచే, ఇంట్లో అద్దెకున్నవాళ్ళే ఇంటివాళ్ళకి అన్నం పెడతారన్నమాట. వెలుతురు మరీ ఎక్కువైతే ఆ వంట విషమవుతుంది, అప్పుడు పగడం ఆ నాచుని మెడపట్టి గెంటేస్తుంది, రంగంతా దానితో పోతుంది. "తెల్లబడినంత మాత్రాన చచ్చిపోలేదమ్మా, ఆకలితో ఉంది. దీపం తగ్గించి, నెమ్మదిగా ఉంచితే అద్దెవాళ్ళు మళ్ళీ రావచ్చు. రాకపోనూవచ్చు. అబద్ధం చెప్పను" అన్నాడు. ఆ చివరి మాటకే అతన్ని నమ్మాను, కౌంటర్ వెనక నిలబడేదానికి కౌంటర్ వెనక నిలబడేవాడి సంగతి తెలుస్తుంది.

దీపాలు చూపించాడు, ఎన్ని రకాలో! పొడుగు ట్యూబులున్నాయి, వెలుతురు దుప్పటి కప్పినట్టు సమంగా పడుతుంది గానీ అవి వాడేకొద్దీ వాటి రంగు కూడా ముదిరిపోతుందట. వద్దు బాబూ, మా ఇంట్లో ఆ ముచ్చట ఒకటి చాలు అన్నాను. పెద్ద బల్బు ఉంది, సూర్యుడి తమ్ముడిలా, నీళ్ళమీద వెలుగు అలలు ఆడతాయి, చూస్తే ప్రాణం లేచొస్తుంది, కింద చెయ్యి పెడితే చెయ్యి ఉడికిపోతుంది. చివరికి ఎల్‌ఇడి పలక, నీలం వేరుగా తెలుపు వేరుగా ఫోనులోంచి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. నేను అన్నింటి కిందా నా రంగుల కార్డు పెట్టి చూశాను, అలవాటు. ఏ దీపం కింద రంగులు నిజంగా కనబడతాయో వెతుకుతున్నాను. అతను నవ్వాడు. "అమ్మా, మీరు మీ కళ్ళకి కొంటున్నారు. వాటికి మన కళ్ళతో పనేముంది? నీలం లేకపోతే వాటికి అన్నం లేదు, నీలం ఎక్కువైతే ప్రాణం లేదు. మనకి బాగుండేది వేరు, వాటికి పట్టేది వేరు" అన్నాడు. నా కార్డు నేను మూసి సంచిలో పెట్టుకున్నాను. వెలుతురు కొలిచే మీటరు కూడా ఇచ్చాడు, పని అయ్యాక తిరిగివ్వమని. బయల్దేరేముందు అడిగాను, కట్టు విప్పే రోజు సాయంత్రం డబ్బాలు తీసుకుని రాకపోతే ఏం అని. అతను చెయ్యి తుడుచుకున్నాడు. "ఆయన రమ్మన్నారు, నేను మాటిచ్చాను. వద్దని ఆయన నోటితో అంటే ఆగుతాను, మీరంటే ఆగలేనమ్మా" అన్నాడు. మంచివాళ్ళతో ఇదే వచ్చిన గొడవ.

అందుకే ఈ గంట. అందుకే ఈ ముక్కు, ఈ గాజు. మీటరు కర్రకి కట్టి నీళ్ళలో ముంచి, దొరబాబు పక్కన, ఫ్రిల్లు కింద, బొత్తాల మీద, అన్నిచోట్లా కొలిచి, ఉప్పునీళ్ళాయన చెప్పినట్టు దీపాన్ని దాని పూర్తి వెలుగులో మూడోవంతు దగ్గర పెట్టాను. పాత దీపాలు రెండూ విప్పేశాను. గది ఎంత మామూలుగా అయిపోయిందో! సోఫా సోఫాలా ఉంది, నా చేతులు చేతుల్లా ఉన్నాయి. ఈ వెలుగులో దొరబాబు తెల్లదనం కూడా దాపరికం లేకుండా కనబడుతోంది, ఇన్నాళ్ళూ ఆ నీలం మంటలో కాస్తయినా కప్పుకుపోయింది. అదే నా భయం. కొత్త కన్నుతో ఆయన మొదట చూసేది ఈ తెలుపు. చూస్తే ఏమంటారు? చచ్చిపోయాయి, నా చేత్తో చంపాను, పట్టుకుపొమ్మను అంటారు. మీ చెయ్యి కాదు, మీ కన్ను అని నేను చెప్పగలను. చెబితే నమ్ముతారా, ఓదార్పుకి అంటున్నాననుకుంటారా? రంగుల మనిషి నోట ఓదార్పు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు, నేను కొనుగోలుదారులతో ఫోనులో మాట్లాడటం వింటూ నవ్వుతారు. వేలు ఫోను మీద పెట్టాను. నీలాన్ని పైకి తోస్తే? ఒక్క సాయంత్రానికే. అతను వచ్చి వెళ్ళేదాకానే. తోశాను. అమ్మో! ఒక్కసారిగా తొట్టె అంతా వెలిగిపోయింది, బొత్తాలు ఆకుపచ్చగా, ఫ్రిల్లు నారింజగా, సుద్దలాంటి దొరబాబు సైతం ఊదారంగు రాజులా నిలబడ్డాడు. ఇది చూస్తే ఆయన పట్టుకుపోనివ్వరు, చచ్చినా పోనివ్వరు! ఎంత తేలిక, వేలు కదిపితే చాలు, దుకాణంలో మంచి దీపం కింద కార్డు పెట్టి అమ్మేవాళ్ళని ఎన్ని తిట్లు తిట్టాను. అంతలో ముందు వరసలో ఒక బొత్తం ముడుచుకుంది. దాని పక్కది ముడుచుకుంది. సుత్తి పగడం ఇంకాస్త లోపలికి పోయింది, తల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. ఛీ అనిపించింది నామీద నాకే. గబగబా వెనక్కి లాగాను, పాత అంకె దగ్గరికి. "తప్పయిపోయిందే, ఇంకెప్పుడూ చెయ్యను" అన్నాను గాజుకి. సవతికి క్షమాపణ చెప్పిన మొదటి ఆడదాన్ని నేనే అయ్యుంటాను. కన్ను కొత్తది, ఆయనకి ఉన్నదే చూపించాలి. తెల్లగా ఉంటే తెల్లగానే. పోతే పోతుంది. పోతే నేను గిన్నెలు తోముకుంటూ ఏడుస్తాను, అంతేగా.

అంతే అని అనుకున్నాక మనసు తేలికపడింది, ఆకలి కూడా వేసింది. వంటింట్లోకి వెళ్ళి డబ్బాలో మిగిలిన బిస్కెట్టు తెచ్చుకుని, కొరుకుతూ, స్టూలు మీద కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాను. ఎదురుచూడటం మానేసి చూశాను, ఎప్పటినుంచో ఇలా చూడలేదు. చిన్న చేప రాయి చుట్టూ తిరిగి వస్తోంది, ప్రతిసారీ అక్కడేదో కొత్తగా ఉందన్నట్టు ఆగుతోంది. ఆయన ఇక్కడ కూర్చుని ఏం చూస్తారో ఇన్నేళ్ళూ నాకు అర్థం కాలేదు, అడగను కూడా అడగలేదు, అడిగితే సవతికి మర్యాద ఇచ్చినట్టవుతుందని. చూసేదేమీ లేదు. ఉండటమే ఉంది. మెత్తగా, తొందర లేకుండా, ఒకటి విచ్చుకుంటే దాని పక్కది విచ్చుకుంటూ. విచ్చుకుంటూ! బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది. సుత్తి పగడం మొలకలు వేస్తోంది, గోధుమరంగు వేళ్ళు, వేళ్ళ కొనలకి పచ్చటి చుక్కలు, ఒక్కొక్కటీ నీళ్ళలోకి వచ్చి ఊగుతున్నాయి. బొత్తాలు కూడా. నేను చప్పట్లు కొట్టాను, ఒక్కదాన్నే, గదిలో.

మెట్ల మీద వదిన గొంతు. ఆవిడ రావడానికి ముందు ఎప్పుడూ గొంతు వస్తుంది. "మెట్టు చూసుకోరా! ఏమే పిల్లా, తలుపు తియ్యి. నీ మొగుడు దారిపొడుగునా కనబడ్డవాళ్ళకల్లా కన్ను కొట్టుకుంటూ వచ్చాడే! పాలబూత్ ఆవిడ మొహం ఎర్రబడిపోయింది, నేను చచ్చిపోయాను సిగ్గుతో!"

"పోల్చి చూసుకుంటున్నానక్కా, ఒకసారి ఇది మూసి, ఒకసారి అది మూసి" అంటున్నారాయన వెనకనుంచి. గొంతులో నవ్వు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయింది! తలుపు తీశాను. నల్లకళ్ళజోడు తీసి, గుమ్మంలోనే ఆగి, గోడ వైపు చూశారు. కుడికన్ను మూశారు, ఎడమకన్ను మూశారు. "ఇది తెలుపా?" అన్నారు. "నేను కలిపిన తెలుపండీ, మీరేమనుకున్నారు?" అన్నాను. "వెన్నరంగు అనుకున్నాను. ఇన్నాళ్ళూ బాగుందనే చెప్పాను కదే" అన్నారు. ఆ తర్వాత తొట్టె వైపు తిరిగారు.

స్టూలు మీద కూర్చున్నారు. వంగబోతే "వంగకు, డాక్టరమ్మ వంగొద్దంది!" అని వదిన అరిచింది. నిటారుగా కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూశారు. నేను చెప్పాలనుకున్నవన్నీ, కన్ను, బల్బు, అద్దెవాళ్ళు, అన్నీ పక్కనపెట్టి, మీటరు కట్టిన కర్రని గోడవారకి జరిపాను.

"దీపం మార్చావా?"

"మార్చాను."

"ఎంతలో పెట్టావు?"

"మూడోవంతులో."

కుడికన్ను అరచేత్తో మూసుకున్నారు. ఎడమకంటితో, ఇంకా శుక్లం ఉన్న కంటితో చూశారు. "చాలట్లేదు. గుడ్డిదీపంలా ఉంది" అన్నారు. చెయ్యి మార్చి ఎడమకన్ను మూసుకున్నారు. ఈసారి వెలుగుకి కన్ను చికిలించారు. మళ్ళీ మార్చారు. మళ్ళీ. ఆ చెయ్యి అటూ ఇటూ తిరుగుతుంటే నేను పక్కనే నిలబడ్డాను, చెప్పవద్దు, చెప్పవద్దు, ఆయనే చూస్తున్నారు అని నాకు నేను చెప్పుకుంటూ. చివరికి చెయ్యి కిందికి దిగింది.

"మూడోవంతే ఇంత నీలమైతే," అన్నారు, "రెండు దీపాలు నిండుగా పెట్టి నేను..." ఆగిపోయారు. దొరబాబు తెల్లటి కొమ్మల్ని చూస్తున్నారు. నేను పక్కన నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "చేతికేమీ కాలేదండీ. చెయ్యి ఎప్పటిలాగే ఉంది. కన్నే మోసం చేసింది" అన్నాను. ఆయన నా చేతిమీద తన చెయ్యి పెట్టారు, పెట్టి తియ్యలేదు.

గంట మోగింది. వదిన తలుపు తీసి, "ఎవరో పెద్ద డబ్బాలు పట్టుకుని వచ్చారురా తమ్ముడూ" అంది.

ఆయన తల తిప్పలేదు. "డబ్బాలు వెనక్కి పట్టుకెళ్ళమని చెప్పక్కా. అతన్ని మాత్రం లోపలికి రమ్మను, ఈ తెల్లబడినదాని మొదట్లో ఇంకా రంగుంది, అతనొకసారి చూడాలి" అన్నారు. వంగకుండానే మెడ చాచి, గాజు దగ్గరికి వెళ్ళి, మునుపటిలా, నాతో కాకుండా సవతితో మాట్లాడుతున్నట్టు మెల్లిగా అన్నారు, "దీనికి ఈ వెలుతురూ ఎక్కువే. ఇంకొంచెం తగ్గించు."

ఫోను తీశాను. నీలం గీత మీద వేలు పెట్టి కిందికి లాగాను. ఎంతవరకు లాగానో నాకు తెలియలేదు, కళ్ళలో నీళ్ళకి తెర మీద అంకెలన్నీ ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయాయి.

"ఎంతకొచ్చింది?" అన్నారు.

"నాకు కనబడటం లేదు," అన్నాను, ఫోను ఆయన చేతిలో పెట్టి. "మీరే చూసి చెప్పండి."